నెట్ ఎక్కడ తెగిందో ఆఫీసులోంచే చెప్పొచ్చు

కోనసీమలో ఇప్పుడు కేబుల్ నెట్ అంటే చాలాచోట్ల గాజు పోగే. స్తంభం నుంచి స్తంభానికి, కొబ్బరి చెట్ల సందుల్లోంచి, కాలువ గట్ల వెంబడి సాగే సన్నటి ఫైబర్ తీగ. "నెట్ రావట్లేదండి" అని ఫోన్ చేస్తే "ఒకసారి బాక్స్ ఆపి మళ్లీ వేయండి" అంటారు. అయినా రాకపోతే నిచ్చెనతో ఒక మనిషి బయల్దేరతాడు. గోదావరికి వరదొస్తే పి.గన్నవరం వైపు లంక ఊళ్లకు పడవ మీద వెళ్లాలి. తీరా వెళ్లాక లోపం వెనక ఎక్కడో ఉందని తేలితే ఆ పూటంతా పోయినట్టే. ఈ తిరుగుడు చాలావరకు అక్కర్లేదు. బయల్దేరే ముందే తెలుసుకోదగ్గ సంగతులు ఆపరేటర్ దగ్గరున్న యంత్రంలోనే ఉంటాయి.

ఆ యంత్రం పేరు ఓఎల్‌టీ. ఇంట్లో ఉండే బాక్సు ఓఎన్‌యూ. ఓఎల్‌టీ నుంచి వెలుతురు మోసుకుని బయల్దేరిన ఒక్క పోగు దారిలో స్ప్లిటర్ల దగ్గర చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో చేరుతుంది. ప్రతి ఓఎన్‌యూ తనకు ఎంత వెలుతురు అందుతోందో కొలుచుకుని, అడిగితే ఓఎల్‌టీకి చెబుతుంది.

కొలత డీబీఎంలో ఉంటుంది. 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. అంకె 10 తగ్గిన ప్రతిసారీ వెలుతురు పదోవంతుకు పడుతుంది, కాబట్టి మైనస్ 20 అంటే మిల్లీవాట్‌లో నూరోవంతు. 32 ఇళ్లకు పంచడంలోనే సుమారు 17 డీబీ పోతుంది (తగ్గుదలను డీబీలో చెబుతారు). కిలోమీటరు ఫైబర్‌లో పోయేది అర డీబీ కూడా ఉండదు. జీపాన్ (ఇలా ఒక పోగును చాలా ఇళ్లకు పంచే పద్ధతి) లైన్లలో ఎక్కువగా వాడే రకం ఓఎన్‌యూ మైనస్ 27 దాకా తట్టుకుంటుంది. నిన్నటిదాకా మైనస్ 18 చూపించిన ఇల్లు ఇవాళ మైనస్ 25 చూపిస్తోందనుకోండి. వెలుతురు ఐదోవంతే మిగిలింది. అయినా ఆ ఇంట్లో నెట్ మామూలుగానే నడుస్తుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఇంకో 2 డీబీ పోయిందంటే లైన్ ఏ క్షణాన అయినా పడిపోవచ్చు. వెలుతురు తగ్గాక, లైన్ పడిపోకముందే పట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. అందుకు ఒకటే షరతు: కనెక్షన్ ఇచ్చిన రోజున ఆ ఇంటి అంకె రాసి ఉంచాలి. జారింది ఎంతో తెలియాలంటే మొదట ఎక్కడుందో తెలియాలి కదా. మన ఇంట్లో కనెక్షన్ పెట్టేటప్పుడు ఆ అంకె అడిగి రాసుకోవడం మనకూ మంచిదే.

తర్వాత చూడాల్సింది పక్కిళ్లను. శివారు పొలానికి నీరందకపోతే రైతు ముందు అదే బోదె మీదున్న మిగతా పొలాలు చూస్తాడు. ఇక్కడా అంతే. ఒక స్ప్లిటర్ కిందున్న ఎనిమిది ఇళ్లూ ఒకేసారి తగ్గితే లోపం స్ప్లిటర్‌లోనో దానికి పైనో ఉంది. ఒక్క ఇల్లే తగ్గితే స్ప్లిటర్ నుంచి ఆ ఇంటికి దిగిన తీగలో ఉంది.

లోపం ఏ రకమో కూడా కొంత ఊహించవచ్చు. ఇంటికొచ్చే వెలుతురు తరంగం పొడవు 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెళ్లేది 1310. రెండూ కంటికి కనబడవు (కనబడదు కదా అని తీగ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడొద్దు, ప్రమాదం). తీగ మరీ వంగినచోట పొడవు తరంగం ఎక్కువగా బయటికి కారిపోతుంది. వచ్చే వెలుతురు బాగా తగ్గి, వెళ్లేది కొంచెమే తగ్గితే వంపును అనుమానించాలి: మీద పడిన కొబ్బరి మట్ట లాగేసిందో, కిటికీ రెక్క కింద నలిగిందో. రెండూ ఇంచుమించు సమానంగా తగ్గితే కనెక్టర్‌లో దుమ్ము చేరి ఉండొచ్చు, అతుకు చెడి ఉండొచ్చు. టీవీ ఛానెళ్లను కూడా 1550 మీద అదే పోగులో పంపేచోట వంపు దెబ్బ ముందు టీవీకే తగులుతుంది.

తుఫాను రాత్రి వందల ఇళ్లు ఒక్కసారే మాయమైతే తెగింది ఫైబరా, పోయింది కరెంటా? దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. కరెంటు పోయిన క్షణంలో ఓఎన్‌యూ తనలో మిగిలిన కాస్త విద్యుత్తుతో "నాకు కరెంటు పోయింది" అని ఓఎల్‌టీకి చివరి కబురు పంపి ఆరిపోతుంది. ఫైబర్ తెగితే ఆ కబురు రాదు, ఉన్నట్టుండి నిశ్శబ్దమే. కబురు పంపిన ఇళ్లకు మనిషిని పంపాల్సిన పని లేదు, కరెంటు వస్తే అవే వస్తాయి. గాలి ఇంకా తగ్గని వేళ, తెగిన కరెంటు తీగలున్న దారిలోకి ఒక మనిషిని అనవసరంగా పంపకుండా ఆపే సమాచారం ఇది. ఓఎన్‌యూ కొనేటప్పుడు ఈ సౌకర్యం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

ఇక నిజంగానే తెగితే ఓటీడీఆర్ ఉంది. అది పోగులోకి చిన్న వెలుతురు తునకలు పంపి, గాజులోంచి వెనక్కి చెదిరి వచ్చేదాన్ని కొలుస్తుంది. గాజులో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. తెగిన చోటి నుంచి 10 మైక్రోసెకన్లలో తిరిగొస్తే ఆ చోటు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. స్ప్లిటర్ దాటాక కొమ్మల నుంచి వచ్చేవన్నీ కలిసిపోతాయి, అక్కడ ఇంటి వైపు నుంచి కొలవడమే మేలు. పైగా అది చెప్పేది పోగు పొడవు, రోడ్డు దూరం కాదు. రేపటి అతుకుల కోసం స్తంభాల మీద తీగను చుట్టలు చుట్టి వదిలేస్తారు, ఆ మీటర్లన్నీ లెక్కలోకి వస్తాయి. ఏ స్తంభం మీద ఎన్ని మీటర్లు చుట్టారో రాసి పెట్టుకున్న ఆపరేటర్ నేరుగా తెగిన స్తంభం దగ్గరికే వెళ్లగలడు. రాసుకోని ఆపరేటర్ ఆ చుట్టుపక్కల నాలుగైదు స్తంభాలు ఎక్కి దిగాల్సిందే.