కామన్స్‌లో ఫొటోలు పెట్టబోయే ముందు: అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్ల ఫొటోలు తీయడం నా వృత్తి. మూఢం వచ్చిందంటే కెమెరాకు పని ఉండదు. ఆ రోజుల్లో ఊళ్లు తిరిగి తీసిన గుళ్లు, చెరువులు, బడుల ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో పెడుతుంటాను. 2004లో మొదలైన ఈ ఉమ్మడి భాండాగారంలో ఇప్పుడు 10 కోట్లకు పైగా ఫైళ్లున్నాయి. తెలుగు వికీపీడియా వ్యాసాల్లోని బొమ్మలు చాలావరకు ఇక్కడివే. తోటి ఫొటోగ్రాఫర్లను రమ్మన్నప్పుడల్లా అవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఫొటోలో ఉన్నది నేనే, కాబట్టి హక్కూ నాదే.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన కాపీరైటు చట్టం దృష్టిలో ఫొటో తీసినవారే దాని కర్త. మీ ఫోను మిత్రుడి చేతికిచ్చి తీయించుకున్నా కర్త ఆ మిత్రుడే. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. వేరే ఒప్పందం లేకపోతే, సెక్షన్ 17 ప్రకారం తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే నేను తీసిన వేల పెళ్లి ఫొటోల్లో ఒక్కదాన్నీ నా అంతట నేను కామన్స్‌లో పెట్టలేను. ఈ సంగతి చెబితే మా వృత్తిలోని వాళ్లే నమ్మరు, కొందరైతే నాతో వాదనకు దిగారు. పత్రికలో వచ్చిన పాత ఫొటోను స్కాన్ చేసి సొంతమని పెట్టడం మరో పొరపాటు. 2012 సవరణ ఫొటోల హక్కు గడువును తీసినవారి జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్లకు పొడిగించింది.

అపోహ: నచ్చకపోతే ఎప్పుడైనా తీసేసుకోవచ్చు.

ఇక్కడ ఫొటోలకు ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే షరతులు పాటిస్తూ ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి, ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోవడం కుదరదు. పెట్టి వారం దాటకుండా, ఇంకా ఎక్కడా వాడకుండా ఉంటే అడిగి తీయించుకోవచ్చు. ఆ తర్వాత కారణం చూపాలి, దాని మీద చర్చ జరగాలి. వ్యాపారానికి వాడుకోకూడదనే షరతు పెడితే కామన్స్ ఆ ఫొటోను తీసుకోదు. నేను తీసిన చెరువు గట్టు ఒకసారి ఒక కరపత్రం మీద కనిపించింది, కింద నా పేరు లేదు. పేరు వేయకపోవడం లైసెన్సును మీరడమే కాబట్టి అడిగాను, తర్వాతి ముద్రణలో వేశారు. షరతులు పాటించి వాడుకుంటే మాత్రం డబ్బు అడిగే వీలు లేదు. మొదట్లో నాకూ ఇది మింగుడుపడలేదు.

అపోహ: ఖరీదైన కెమెరా కావాలి.

ఫోను చాలు. అయితే వాట్సాప్‌లో తిరిగొచ్చిన కాపీని పెట్టకండి. పరిమాణం తగ్గిపోతుంది, తేదీ, కెమెరా వివరాలు చెరిగిపోతాయి, ఎక్కడినుంచో తెచ్చారని చూసేవారు అనుమానిస్తారు. ఫొటో మీద స్టూడియో పేరు కూడా వద్దు. (మా వాళ్లకు ఇదే కష్టం!)

అపోహ: పేరున్న కట్టడాలే పనికొస్తాయి.

చార్మినార్ ఫొటోలకు అక్కడ కొదవ లేదు. మీ ఊరి పంచాయతీ కార్యాలయానిది ఒక్కటీ ఉండకపోవచ్చు. తీశాక ఊరు, మండలం, జిల్లా రాయండి. ఉత్త రామాపురం అంటే ఏ రామాపురమని వెతకాలి? పైగా 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి, అందుకని తీసిన తేదీ కూడా ఉండాలి. ఫోను తనంతట తాను నమోదుచేసే జీపీఎస్ వివరాలు అందరికీ కనబడతాయని మరవకండి. గుడి ఫొటోకు అవి మేలే చేస్తాయి. మీ పెరట్లో పూసిన మందారానికి అక్కర్లేదు.