చదివింది చెప్పండి చూద్దాం

విజయవాడ

చిన్నా, బుజ్జీ,

తాతయ్య దీవెనలు. గడగడా చదివేస్తే పాఠం వచ్చేసినట్టేనని మీకెవరో చెప్పినట్టున్నారు. నోటికి వచ్చింది, నిజమే. బుర్రకెక్కిందా అన్నది వేరే సంగతి.

కింద నాలుగు వాక్యాలు రాస్తున్నాను, మెల్లగా చదవండి.

"కొండపల్లి బొమ్మల్ని తెల్లపొణికి కర్రతో చేస్తారు. ముందు కర్రను వేడిచేసి తేమ పోగొడతారు. కాళ్లు, చేతులు విడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి రంగులు వేస్తారు."

ఇప్పుడు కాగితం బోర్లా పెట్టి, ఇదంతా మీ సొంత మాటల్లో అమ్మకు చెప్పండి. అప్పజెప్పడం కాదు, కొండపల్లి వెళ్లి చూసొచ్చినట్టు చెప్పాలి. మధ్యలో ఆగిపోతే టెన్షన్ పడకండి. ఎక్కడ ఆగారో ఆ వాక్యం మళ్లీ చూసుకోండి. వెనక్కి చూడటం కాపీ కొట్టడమేం కాదు. (పరీక్షలో పాసేజీ కళ్లముందే ఉన్నా, దాని వైపు చూడకుండా జవాబు రాసేస్తారు చాలామంది. ఎందుకో మరి!)

మక్కు అంటే తెలియదా? వెంటనే నాన్నను అడగకండి. దాన్ని వేటితో కలిపారో, దాంతో ఏం చేస్తున్నారో పక్కనే ఉందిగా. ఏదో జిగురు ముద్దని మీకే తడుతుంది. తర్వాత అడిగి సరిచూసుకోండి. వాక్యానికి మూడు నాలుగు తెలియని మాటలు తగిలితే మాత్రం ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టేయండి, సిగ్గేం లేదు.

అసలు మజా ఇక్కడుంది. తేమ ఎందుకు పోగొట్టాలి? ఎంత వెతికినా ఆ జవాబు నేను రాసినదాంట్లో దొరకదు. మీకు తెలిసిన సంగతి ఒకటి దానికి కలపాలి. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి, గట్టిగా తోస్తే గాని పడదు, చూశారా? కర్ర తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. మరి పచ్చికర్రతో బొమ్మ చేసి రంగేస్తే, ఆరాక ఏమవుతుంది? బుజ్జీ, ఇది నువ్వు చెప్పాలి. చిన్నా, నువ్వు అందించకు.

రోజూ పేజీలకు పేజీలు చదవక్కర్లేదు. ఒక చిన్న కథ, దాని మీద మీరే వేసుకున్న ఒక 'ఎందుకు' చాలు. గైడు జోలికి పోవద్దు, మీరు ఆలోచించాల్సింది అదే ఆలోచించి పెట్టేస్తుంది. ఇంగ్లీషు పాఠమైనా ఇదే పద్ధతి. చదివింది నాకు తెలుగులో చెప్పినా సరే, అర్థమైందా లేదా అన్నదే నాకు కావాలి.

జనవరి మొదట్లో ఇక్కడ పుస్తక మహోత్సవం పెడతారు. గుంటూరు నుంచి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేయండి. ఎవరి పుస్తకం వాళ్లే ఎంచుకోవాలి. అట్ట బాగుందంటే కొనను. మధ్యలో ఒక పేజీ తెరిచి చదివి, అక్కడ ఏం జరుగుతోందో చెప్పినవాళ్లకే కొనిపెడతాను.

మీ తాతయ్య