నేటికీ వీలునామాకీ మధ్య ఏళ్లు: ముసలితనం కాగితాలపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది కూర్చోగానే అనే మాట ఒకటే: "వీలునామా రాయించాలమ్మా." రాస్తాం. రాసేముందు మాత్రం నేనొకటి అడుగుతాను. "పోయాక సంగతి సరే బాబాయి గారూ, అంతకుముందే మంచాన పడితే మీ బదులు సంతకం ఎవరు పెడతారు?" దాదాపు అందరూ పక్కనున్న భార్య ముఖమో, కొడుకు ముఖమో చూస్తారు.

పక్షవాతం, మతిమరుపు జబ్బు, తుంటి ఎముక విరగడం... వీటిలో ఏదొచ్చినా మనిషి ఏళ్ల తరబడి ఇంకొకరి చేతి మీద బతకాల్సి రావచ్చు. ఆయా జీతం, డైపర్లు, ఫిజియోథెరపీ, రాత్రి కాపలాకి ఇంకో మనిషి. ఆస్తి ఉన్న ఇళ్లలో కూడా ఆ డబ్బు చేతికి రాక అప్పులు చేయడం చూశాను. పంపకాల గురించి కొట్టుకునేంత ఆలోచించేవాళ్లు ఈ ఏళ్ల గురించి ఎందుకు ఆలోచించరన్నది నాకు ఎప్పుడూ ఉండే బాధ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వీలునామా రిజిస్టర్ చేయించాం, ఇక బెంగ లేదు.

రాసిన మనిషి ప్రాణంతో ఉన్నంతవరకు వీలునామాకు బలం లేదు. ఆయన ఐసీయూలో ఉంటే, దాన్ని చూపించి బ్యాంకులో పది వేలు కూడా తీయలేరు. ఇంకొక మాట: వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తే చెల్లుతుంది. అయినా రిజిస్టర్ చేయించమనే చెబుతాను, "ఆ సంతకం మా నాన్నది కాదు" అనే గొడవ కొంత తగ్గుతుంది. ఆస్తి ముట్టేవాళ్లను మాత్రం సాక్షులుగా పెట్టకండి.

అపోహ: అబ్బాయి పేర జీపీఏ (నా బదులు సంతకం పెట్టే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది. నాకేమైనా అయితే వాడే చూసుకుంటాడు.

నా దగ్గరకొచ్చే అపోహల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే.

పటమటలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు. ఒక్కడే కొడుకు, డల్లాస్‌లో ఉద్యోగం. కంకిపాడు వైపు ఉన్న స్థలం అమ్మే అధికారంతో సహా కొడుక్కి జీపీఏ రిజిస్టర్ చేసి ఇచ్చారు. రెండోసారి స్ట్రోక్ వచ్చాక మాస్టారు మనుషుల్ని పోల్చుకోవడం మానేశారు. ఇంట్లో ఇద్దరు ఆయాలు, నెల తిరిగేసరికి పెన్షన్ చాలడం లేదు. స్థలం అమ్ముదామని కొడుకు వచ్చాడు, బేరం కుదిరింది, బయానా కూడా తీసుకున్నాడు. కొనేవాళ్ల లాయరు "ఓనర్‌ని ఒకసారి చూస్తాం" అని ఇంటికి వెళ్లారు. మాస్టారు ఆయన వంక చూసి "ఫీజు కట్టావా?" అని అడిగారట. బేరం అక్కడే ఆగిపోయింది.

కొడుకు నా ముందు కూర్చుని, "అమెరికాలో మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారికి ఇలాగే పవర్ వాడారు మేడమ్" అన్నాడు. అతను చెప్పింది నిజమే. తెలివి తప్పినా చెల్లుబాటయ్యేలా పవర్ రాసుకునే వీలు అక్కడ ఉంది, మన దగ్గర లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం పవర్ ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి స్థిమితం కోల్పోయినా ఆ పవర్ ఆగిపోతుంది. ఏ రోజు కోసం దాన్ని రాశారో సరిగ్గా ఆ రోజునే అది పనికిరాకుండా పోతుంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తున్నా మనిషికి విషయం తెలుస్తోందంటే పవర్ బతికే ఉంటుంది. కొత్త దస్తావేజు కూడా రాయొచ్చు, వేలిముద్ర చాలు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు మోసుకెళ్లాల్సిన పని లేదు. ప్రైవేట్ అటెండెన్స్‌కి అర్జీ పెట్టి ఫీజు కడితే ఆఫీసు వాళ్లే ఇంటికొస్తారు. మనిషిని నాలుగు మాటలు అడుగుతారు. జవాబు పొంతన లేకుండా ఉంటే రిజిస్టర్ చేయరు, చేయకూడదు కూడా.

మరి తెలివి పూర్తిగా తప్పితే? కోమాలో ఉన్నవారికో, ముదిరిన మతిమరుపు ఉన్నవారికో ఆస్తి విషయాలు చూసే సంరక్షకుణ్ని నియమించడానికి మన దగ్గర సూటి చట్టం లేదు. కుటుంబం హైకోర్టులో రిట్ వేసి ఆ అధికారం తెచ్చుకోవాలి. మెడికల్ రిపోర్టులు, వారసులందరి అంగీకారం, ఆస్తుల జాబితా అన్నీ సిద్ధం చేయాలి. మాస్టారి విషయంలో చివరికి చేసింది అదే. ఈలోగా ఆయాల జీతాలు అప్పు మీదే నడిచాయి.

కాబట్టి ఆరోగ్యంగా ఉండగా చేయాల్సింది: రెండేళ్ల సంరక్షణకు సరిపడా డబ్బు ఇల్లూ స్థలాల్లో ఇరుక్కోకుండా, నమ్మకమైన మనిషితో జాయింట్‌గా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా బ్యాంకులో ఉంచండి. జాయింట్ ఎఫ్‌డీని గడువుకు ముందే తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒక్కరికే ఇచ్చేలా ముందే ఇద్దరూ కలిసి రాసివ్వండి. సంతకం పెట్టలేని, బ్యాంకుకు రాలేని ఖాతాదారు వేలిముద్ర తీసుకునేందుకు రిజర్వ్ బ్యాంక్ దారి చూపింది: ఇద్దరు సాక్షులుండాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి. బ్రాంచిలో కుదరదంటే మేనేజర్‌కి రాతపూర్వకంగా అడగండి.

అపోహ: ఇల్లు పిల్లల పేర పెట్టేస్తే ప్రేమగా చూస్తారు. చూడకపోతే రద్దు చేసుకోవచ్చు.

మంగళగిరి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. చీర కొంగులో చుట్టి తెచ్చిన సెటిల్‌మెంట్ దస్తావేజు (ఇల్లు కొడుకు పేర రాసిచ్చిన పత్రం) బల్ల మీద పెట్టి, "నన్ను చూసుకుంటానని ఇందులో ఎక్కడో ఉంటుంది, చూడమ్మాయ్" అన్నారు. చదివాను. "మీ యందు నాకు గల ప్రేమానురాగముల చేత..." అని మొదలై, "పుత్ర పౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో సుఖాన అనుభవించగలవారు" అని ముగిసింది. ఆమె తిండి గురించి గానీ, మందుల గురించి గానీ ఒక్క ముక్క లేదు. రెండోసారి కూడా చదివాను, ఆమె నా ముఖమే చూస్తూ కూర్చున్నారు.

దానంగా రాసి రిజిస్టర్ చేసి ఇచ్చేశాక, మనసు మారిందని ఇచ్చినవాళ్లు ఏకపక్షంగా వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఒక దారి ఇచ్చింది: చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో గారే. మెలిక అంతా ఆ షరతు దగ్గరే ఉంది. షరతు ఉన్నట్టు తేలకపోతే ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఇది పెద్దల మేలు కోరి చేసిన చట్టం కనుక ఉదారంగా చదవాలంటూ, విడిగా రాసిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని దానపత్రాన్ని రద్దు చేసింది. అంటే షరతు రాసి ఉంటే మీ దారి సులువు, లేకపోతే రుజువుల కోసం వెతుక్కోవాలి.

ఆ పెద్దావిడ కేసులో నాలుగు వాయిదాల తర్వాత రాజీ కుదిరింది. కొడుకు ఇల్లు తిరిగి ఇవ్వలేదు గానీ, కింది వాటాలో జీవితాంతం ఉండే హక్కు రాసిచ్చాడు.

నా చేత దస్తావేజు రాయించుకునేవాళ్లకు ఈ వాక్యం లేకుండా రాయను: "దాత తన జీవితాంతము సదరు ఇంటిలో నివసించు హక్కును, అద్దెలు అనుభవించు హక్కును తనకే ఉంచుకొనినది. గ్రహీత దాతకు తిండి, బట్ట, వైద్యము, సహాయకుల ఖర్చు భరించవలెను. భరించని యెడల ఈ బదిలీ రద్దగును." కొందరు పిల్లలు దీనికి నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

ఇంకో రకం తొందర అమెరికా నుంచి ఫోన్లో వస్తుంది: "అమ్మ పేర ఆస్తి ఉండకూడదు, ఐదేళ్ల ముందే మార్చేయాలి." అది మెడికెయిడ్ లెక్క, అంటే అక్కడ తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం. నర్సింగ్ హోమ్ ఖర్చు భరించేముందు గడిచిన 60 నెలల్లో ఆస్తి ఎవరికైనా ఇచ్చేశారేమో చూస్తారు. మనకు అలాంటి పథకమే లేదు, కాబట్టి దాని కోసం అమ్మను ఇల్లు లేనిదాన్ని చేయాల్సిన పనీ లేదు. ఆమె పేర ఉన్న ఇల్లే ఆమెకు ధైర్యం. అవసరమైతే 60 దాటినవారు సొంత ఇంటి మీద బ్యాంకు నుంచి రివర్స్ మార్ట్‌గేజ్ కింద నెలనెలా డబ్బు తీసుకుంటూ అదే ఇంట్లో ఉండొచ్చు.

అపోహ: ఆరోగ్య బీమా ఉంది కదా.

బీమా గానీ, 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఇచ్చే 5 లక్షలు గానీ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకి. ఇంట్లో ఆయా జీతానికి రావు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 ఇస్తున్నారు. అర్హత ఉండీ అడగని ఇళ్లు ఉన్నాయి. మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో కనుక్కోండి.

అపోహ: పోషణ కొడుకుల బాధ్యతే. కూతుళ్లకు సంబంధం లేదు.

2007 చట్టంలో కొడుకు, కూతురు, పెద్దవాళ్లైన మనవలు అందరూ ఉన్నారు. పిల్లలు లేకపోతే ఆస్తి ముట్టబోయే బంధువు మీద కూడా అడగొచ్చు. ట్రిబ్యునల్ ఇప్పించగల పోషణ నెలకు గరిష్ఠం 10,000. ఇది ఈ రోజుల్లో చాలదు, ఆ పరిమితి మార్చాలి. 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30. లాయరు లేకుండానే అర్జీ ఇవ్వొచ్చు, ఆర్డీవో ఆఫీసుకు వెళ్లేముందు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

అపోహ: వెంటిలేటర్ వద్దని ముందే రాయడం చట్టవిరుద్ధం.

ఇలా ముందే రాసుకోవడాన్ని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. కోలుకునే ఆశ లేని స్థితిలో నిర్ణయం చెప్పాల్సిన మనుషుల పేర్లు అందులో రాయాలి. దీన్ని అమలు చేసేముందు డాక్టర్ల బోర్డులు రెండు చూస్తాయి, కాబట్టి ఎవరో తొందరపడి ప్రాణం తీస్తారన్న భయం అక్కర్లేదు.

అపోహ: మా అబ్బాయికి మేమే గార్డియన్లం, వాడి వయసెంతైనా.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇలాగే నమ్ముతారు. 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో అతను మేజర్. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టి, తల్లిదండ్రులైనా సరే గార్డియన్‌గా నియామకం తెచ్చుకోవాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అన్నిటికీ మొదటి మెట్టు. సత్యనారాయణపురం చుట్టుపక్కల రైల్వే పెన్షనర్లకు ఒక మాట: సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మీరు బతికుండగానే ఆ పేరు పెన్షన్ కాగితాల్లో ఎక్కించండి. మీరు పోయాక ఆ పని అతను చేసుకోలేడు.

"అన్నకి రాసేశాం, తమ్ముణ్ని వాడే చూస్తాడు" అనేది రెండో పొరపాటు. అన్న మంచివాడే కావచ్చు. అన్నకు అప్పులుండొచ్చు, అన్నే ముందు పోవచ్చు. నామినీగా రాసినా సరిపోదు, నామినీ చాలా సందర్భాల్లో డబ్బు అందుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషే. ఇలాంటి బిడ్డ పేర ప్రైవేట్ ట్రస్టు పెట్టి, ఇద్దరు ముగ్గురు ట్రస్టీలను వేసి, అద్దెలు, డిపాజిట్లు అందులో పెట్టడం నయం. స్థిరాస్తి పెడితే ట్రస్టు దస్తావేజు రిజిస్టర్ చేయించాలి.

కిందటేడాది ఒకావిడ అలా ట్రస్టు రాయించుకున్నారు. కొడుక్కి 34 ఏళ్లు, మాటలు రావు. సంతకాలయ్యాక సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీశారు. పెరుగన్నం ముందు పెడితేనే మిగతాది తింటాడనీ, పిడుగు శబ్దానికి తలుపు వెనక దాక్కుంటాడనీ, గోళ్లు నిద్రలోనే తీయాలనీ, ఏ మాత్ర దేనిలో కలిపితే మింగుతాడో అంతా గుండ్రటి అక్షరాలతో పదిహేడు పేజీలు రాసుకొచ్చారు. "ఇది కూడా రిజిస్టర్ అవుతుందా అమ్మాయ్?" అని అడిగారు. రిజిస్టర్ అవ్వదు. మూడు జెరాక్సులు తీయించి, ట్రస్టీలు ముగ్గురి చేతా ప్రతి పేజీ కింద సంతకం పెట్టించి, దస్తావేజుతో పాటు అదే ఫైల్లో పెట్టాను.