గుండె దడ ఉండగానే మొదటి అడుగు

కంప్యూటర్ తెర మీద ఒక రాయి కనిపిస్తుంది. దాని కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము బయటపడిందంటే చేతికి చురుక్కుమనేలా కరెంటు షాక్ తగులుతుంది. ముందే సరిగ్గా ఊహించినా సరే, షాక్ తప్పదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మంది చేత ఈ ఆట ఆడించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆడుతున్నంతసేపూ వాళ్లకు పట్టే చెమటనూ, కనుపాప పెద్దదవడాన్నీ కొలిచారు. ఎంత టెన్షన్‌గా ఉందో మధ్యమధ్యలో వాళ్లనే అడిగారు.

షాక్ ఖాయమని తెలిసినప్పుడే టెన్షన్ అన్నిటికంటే ఎక్కువగా ఉండాలి కదా. కానీ పాము ఉండటానికీ లేకపోవడానికీ చెరిసగం అవకాశం ఉన్నప్పుడే అది తారస్థాయికి చేరింది. దెబ్బ తప్పదని తేలిపోయినప్పుడు అదే మనుషులు అంతకంటే స్థిమితంగా ఉన్నారు.

కొత్త పని ముందు మనసు ఎందుకంత పీకుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 40 దాటాక ఈత నేర్చుకోవడం, ఉన్న ఉద్యోగం వదిలి వేరే రంగంలోకి వెళ్లడం, మొదటిసారి మైకు పట్టుకోవడం... ఇవన్నీ ఎటు తేలతాయో తెలియని పనులు. శరీరం చాలావరకు ఆ తెలియకపోవడానికే స్పందిస్తుంది. మనం మాత్రం దడ ఎంత ఎక్కువగా ఉంటే ముప్పు అంత పెద్దదని లెక్క వేసుకుంటాం. నిజంగా ప్రాణం మీదికి వచ్చే పనైతే ఆ దడ మాట వినాల్సిందే. మిగతా చోట్ల ఆ లెక్క తరచూ తప్పుతుంది. పైగా ఆ దడ వృథా కాదు. అనిశ్చితి పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గే టెన్షన్ ఎవరిలో కనిపించిందో, వాళ్లే పాము ఎక్కడుందో మెరుగ్గా పసిగట్టారు. ఈ ప్రయోగం మొత్తంలో నాకు బాగా ఊరటనిచ్చిన సంగతి ఇదే.

"కాస్త ధైర్యం వచ్చాక చూద్దాంలే" అనుకోవడం మనకు బాగా అలవాటు. దరఖాస్తు తెరుస్తాం, పేరు రాస్తాం, కడుపులో తిప్పినట్టవుతుంది, మూసేస్తాం. మూసేసిన మరుక్షణం హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆ హాయితోనే. తప్పుకుంటే ఉపశమనం దొరుకుతుందని మెదడు అప్పటికప్పుడే నేర్చేసుకుంటుంది. రేపు ఆ దరఖాస్తు కంటపడితే ముందుగా తప్పుకోవాలనే అనిపిస్తుంది. మనం భయపడ్డది అసలు జరిగేదేనా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఎప్పటికీ దొరకదు. అలా ఎన్నాళ్లు దూరంగా ఉన్నా భయం తగ్గకపోగా ముదురుతుంది.

ఆ జవాబు దొరికేలా చేస్తే ఏమవుతుంది? పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, విడవని ఆందోళనతో బాధపడుతున్న 29 మంది చేత వాళ్ల దిగుళ్లన్నీ 10 రోజుల పాటు రాయించారు. ఏది నిజమైంది, ఏది కాలేదన్నది నెల రోజుల పాటు వాళ్లే చూసుకున్నారు. 2020లో వెలువడిన ఫలితం ప్రకారం 91.4 శాతం జరగనే లేదు. ఆందోళన ఒక జబ్బుగా మారినవాళ్ల దిగుళ్ల లెక్క ఇది! (అలాంటి స్థితిలో నెలల తరబడి నలుగుతున్నవాళ్లు ఒంటరిగా పోరాడకుండా మానసిక వైద్యుల్ని కలవడం మంచిది. దీనికి మంచి చికిత్సలున్నాయి.) ఈ పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. పని మొదలుపెట్టే ముందు, ఏం జరుగుతుందని భయపడుతున్నామో కాగితం మీద స్పష్టంగా రాసుకోవాలి. "బాగా జరగదేమో" అని రాస్తే చాలదు. "మూడో వాక్యం దగ్గర మాట ఆగిపోతుంది, అందరూ నవ్వుతారు" అన్నంత వివరంగా ఉండాలి. పని అయ్యాక మళ్లీ తీసి చూడాలి. మనం ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే మెదడు అంత బాగా నేర్చుకుంటుంది. భయాలకు చేసే చికిత్సల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మిషెల్ క్రాస్క్ లాంటి మనస్తత్వవేత్తలు గట్టిగా చెప్పే మాట ఇది.

మరి భయాన్ని దాటే ఆ క్షణంలో లోపల ఏం జరుగుతుంది? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు దీన్ని చూడటానికి ఎంఆర్ఐ యంత్రంలోకి ఏకంగా బతికున్న పామునే తెచ్చారు. మనిషి యంత్రంలో పడుకుని ఉంటాడు. కదిలే పట్టీ మీద పాము ఉంటుంది. అతని చేతిలో బటన్లుంటాయి, ప్రతిసారీ పామును దగ్గరికి రప్పించుకోవాలో దూరం పంపాలో అతనే తేల్చుకోవాలి. 2010లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో, భయపడుతూనే పామును దగ్గరికి రప్పించుకున్నవాళ్లలో మెదడు ముందు భాగాన, లోపలివైపు ఉండే సబ్‌జెన్యువల్ ఆంటీరియర్ సింగులేట్ కార్టెక్స్ చురుగ్గా పనిచేసింది. భయం పెరిగినకొద్దీ దాని పని కూడా పెరిగింది. భయానికి లొంగిపోయినప్పుడు అలా జరగలేదు.

ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. మనసులోని భయం, ఒంటికి పట్టే చెమట రెండూ ఒకేసారి ఎక్కువైనప్పుడు జనం పామును వెనక్కి పంపేశారు. రెండింట్లో ఏదో ఒకటి తక్కువగా ఉన్నప్పుడు ముందుకు రప్పించుకోగలిగారు. అంటే మనసూ ఒళ్లూ రెండూ నెమ్మదించేదాకా ఆగనక్కర్లేదు. మనసు బెదురుతున్నా ఒళ్లు నిలకడగా ఉంటే అడుగు పడుతుంది, ఒళ్లు వణుకుతున్నా మనసు నిబ్బరంగా ఉంటే కూడా పడుతుంది.

ఒళ్లు మాట వినకపోతే మనసు వైపు నుంచి ప్రయత్నించవచ్చు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్, 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొందరి చేత కొత్తవాళ్ల ముందు పాట పాడించారు. ఎంత సరిగ్గా పాడారో ఒక పాటల వీడియో గేమ్ మార్కులు వేసింది. పాడబోయే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లకు సుమారు 80 శాతం మార్కులు వచ్చాయి. ఏమీ అననివాళ్లకు దాదాపు 69, "ఆందోళనగా ఉంది" అన్నవాళ్లకు 53 వచ్చాయి. ఉత్సాహంగా ఉందన్నంత మాత్రాన గుండె వేగం తగ్గలేదు. అదే దడకు వేరే పేరు పెట్టుకున్నారంతే.

అలవాటైనవాళ్లకు భయమే ఉండదనుకుంటాం. 1960లలో వాల్టర్ ఫెంజ్, సేమోర్ ఎప్‌స్టీన్ అనే పరిశోధకులు పారాచూట్‌తో దూకేవాళ్ల గుండె వేగాన్నీ, ఊపిరినీ, చర్మంలోని మార్పుల్నీ కొలిచారు. కొత్తవాళ్లలో అవి దూకే క్షణం దాకా పెరుగుతూనే పోయాయి. ఆరితేరినవాళ్లలో కూడా పెరిగాయి, కాకపోతే విమానం పైకి లేస్తున్న తొలి దశలోనే. తలుపు దగ్గరికి వచ్చేసరికి దాదాపు మామూలు స్థితికి దిగిపోయాయి. భయం ఎక్కడికీ పోలేదు, ముందే వచ్చి పని వేళకు సర్దుకుంది. ఈ సర్దుబాటు ఆలోచిస్తూ కూర్చుంటే రాదు, దూకగా దూకగా వస్తుంది.

ఒకసారి గెలిచాక కొన్నాళ్లకు మళ్లీ భయం తలెత్తితే చాలామంది కుంగిపోతారు. పాత భయం జ్ఞాపకం చెరిగిపోదు, దాని పక్కనే కొత్త జ్ఞాపకం ఒకటి చేరుతుంది. విరామం ఎక్కువైనా, చోటు మారినా పాతది మళ్లీ పైకి రావడం సహజమే. అందువల్ల రెండో ప్రయత్నం ఎక్కువ రోజులు ఆగకుండా చేయడం, మూడోది వేరే చోట, వేరే మనుషుల మధ్య చేయడం మేలు.