గోదావరి డెల్టాలో అనుదిన వాక్యధ్యానం: కుటుంబ ప్రార్థన నుంచి ఫోన్ వచనం వరకు

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం, రాజమహేంద్రవరం ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలలో తెల్లవారేసరికి ఫోన్‌కు బైబిలులోని ఒక వాగ్దాన వచనం చేరడం ఇప్పుడు సర్వసాధారణమైంది. దాన్ని చదివి, కింద "ఆమేన్" అని రాసి, నలుగురికి పంపితే ఆ రోజు ధ్యానం పూర్తయినట్టే భావించేవారు పెరిగారు. సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక అధ్యాయం చదువుకుని మోకాళ్లూని ప్రార్థించే అలవాటు మాత్రం చాలా ఇళ్లలో పలచబడింది. సంఘ కాపరులు ఈ విషయాన్ని ప్రసంగాలలో ఎత్తి చూపుతున్నారు, పెద్దలు ఫోన్‌నే తప్పుపడుతున్నారు. కానీ ఒక్క వచనాన్ని ఆ రోజుకు దేవుని మాటగా అందుకునే పద్ధతి ఫోన్‌తో పుట్టినది కాదు. దాని వెనుక దాదాపు 300 ఏళ్ల చరిత్ర ఉంది. లేఖనాన్ని వరుసగా చదివి ప్రార్థించే పద్ధతికి అంతకంటే పాత మూలాలున్నాయి. ఈ రెండూ వేర్వేరు దారులలో డెల్టాకు వచ్చి ఇక్కడి ఇళ్లలో కలిసిపోయాయి. నేటి చర్చ అర్థం కావాలంటే ఆ రెండు దారులనూ విడివిడిగా చూడాలి.

ఉదయ ప్రార్థనకు ఆధారం బైబిలులోనే ఉంది. "యెహోవా, ఉదయమున నా కంఠస్వరము నీకు వినబడును" అని 5వ కీర్తన చెబుతుంది. బెరయ పట్టణస్థులు పౌలు బోధ సరైనదో కాదో తెలుసుకోవడానికి ప్రతిదినం లేఖనాలను పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం మెచ్చుకుంటుంది. అయితే ప్రతి ఇంటా ఒక బైబిలు ఉండడం, సామాన్యుడు దాన్ని తన భాషలో చదువుకోవడం అచ్చుయంత్రం వచ్చిన తరువాతి మాట. 1529లో జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్, విశ్వాస పాఠాలను ప్రశ్నలు, జవాబులుగా నేర్పే తన చిన్న ప్రశ్నోత్తరిలో ఉదయ, సాయంకాల ప్రార్థనలను చేర్చి, వాటిని ఇంటివారికి నేర్పవలసిన బాధ్యత ఇంటి యజమానిదని రాశాడు. 1535లో తన మంగలి పీటర్ ప్రార్థన ఎలా చేయాలని అడిగితే ఆయన ఒక చిన్న పుస్తకమే రాసి ఇచ్చాడు. ఒక ఆజ్ఞను గాని వాక్యాన్ని గాని తీసుకుని, మొదట అది ఏమి నేర్పుతున్నదో చూడాలి, తరువాత దాని విషయమై కృతజ్ఞత చెల్లించాలి, ఆపైన దాని వెలుగులో తన తప్పు ఒప్పుకోవాలి, చివరికి అడగవలసింది అడగాలి అని అందులో చెప్పాడు. డెల్టాలోని సంఘాలు నేటికీ బోధించే ధ్యాన క్రమానికి ఇంతకంటే స్పష్టమైన రూపం నాకు తెలిసి మరొకటి లేదు.

రోజుకొక వచనం అనే రెండవ దారి జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న గ్రామంలో మొదలైంది. మొరావియా నుంచి విశ్వాసం కోసం తరలివచ్చిన శరణార్థులు జింజెండార్ఫ్ అనే భూస్వామి భూములలో స్థిరపడ్డారు. 1728 మే 3వ తేదీ సాయంకాల కూటంలో ఆయన మరుసటి రోజుకు ధ్యానవాక్యంగా ఒక మాట ఇచ్చాడు. ఆ తరువాత ప్రతి ఉదయం సహోదరులు ఇంటింటికీ వెళ్లి ఆ రోజు వాక్యాన్ని చెప్పి, ఇంటివారి క్షేమం కనుక్కుని వచ్చేవారు. 1731 నుంచి ఏడాదికి సరిపడా వాక్యాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి. పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి ఎంచుతారు, దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని ఆలోచించి జతచేస్తారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ వచనం ఒంటరిగా రాలేదు, దానితో పాటు ఒక మనిషి గుమ్మంలోకి వచ్చాడు. వాక్యం, పరామర్శ ఒకే చేతి మీదుగా అందాయి. దాదాపు అదే కాలంలో, 1718లో, బోగాట్స్కీ అనే జర్మన్ రచయిత ప్రతి దినానికి ఒక వచనం, చిన్న వివరణ, ఒక ప్రార్థనా పద్యం చొప్పున పుస్తకం కూర్చాడు. వాగ్దాన వచనాలను చిన్న చీటీలపై అచ్చువేసి పెట్టెలో ఉంచి రోజుకొకటి తీసుకునే అలవాటు క్రమంగా ఐరోపా ప్రొటెస్టంటు ఇళ్లలో పాకింది.

ఆ కాలపు జర్మన్ భక్తి ఉద్యమపు కేంద్రమైన హల్లె నుంచి వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ 1730ల తొలినాళ్లకే బైబిలును తెలుగులోకి తెచ్చాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో లండన్ మిషనరీ డెగ్రాంజ్ మొదలుపెట్టిన పని వల్ల మూడు సువార్తలు 1812లో, శ్రీరాంపురం మిషనరీల కృషి వల్ల కొత్త నిబంధన 1818లో తెలుగు అచ్చులో వెలువడ్డాయి. గోదావరి తీరానికి మిషనరీలు చేరే నాటికి చేతిలో పెట్టడానికి తెలుగు పుస్తకం సిద్ధంగా ఉంది, చదవగలవారే కొద్దిమంది.

డెల్టాలో మొదట అడుగుపెట్టి నిలదొక్కుకున్నవారు ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ఊరికి చెందిన విలియం బౌడెన్, జార్జ్ బీర్. చేతివృత్తుల మీద బతికిన ఈ ఇద్దరూ భార్యలతో సహా 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఓడ ఎక్కి, తరువాత నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు పునాది అదే. వీరికి జీతమిచ్చే సంస్థ లేదు, అవసరాలను ప్రార్థనలో దేవునికే చెప్పుకోవాలన్నది వారి నియమం. ఈ నియమాన్ని లోకానికి చాటిన బ్రిస్టల్ అనాథాశ్రమ స్థాపకుడు జార్జ్ ముల్లర్ గ్రోవ్స్‌కు స్వయానా బావమరిది, గ్రోవ్స్ చెల్లెలు మేరీని పెళ్లాడినవాడు. ముల్లర్ 1841లో తన దినచర్య గురించి రాసుకున్న మాటలు అనుదిన ధ్యాన చరిత్రలో చాలా విలువైనవి. పదేళ్లకు పైగా తాను లేచిన వెంటనే ప్రార్థనతోనే మొదలుపెట్టేవాడినని, మనసు కుదురుకోవడానికే పావుగంట, ఒక్కోసారి అరగంట పట్టేదని, తరువాత పద్ధతి మార్చి ముందు కొత్త నిబంధనను వరుసగా చదువుతూ ఒక్కొక్క వచనం మీద ధ్యానించడం మొదలుపెట్టగానే ప్రార్థన దానంతటదే పుట్టుకొచ్చిందని ఆయన రాశాడు. ముందు దేవుడు మాట్లాడాలి, తరువాత మనం మాట్లాడాలి అనే ఈ క్రమమే గ్రోవ్స్, ముల్లర్, బౌడెన్, బీర్‌ల ధోరణికి చెందిన బ్రదరన్ సంఘాల ఇంటి ఆరాధనలో నేటికీ కనిపిస్తుంది.

1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పనులు ప్రారంభించాడు, 1852 నాటికి అవి పూర్తయ్యాయి. వేలమంది కూలీలు ఒకచోట చేరిన ఆ సంవత్సరాలలో బౌడెన్ అక్కడికి వెళ్లి వారి మధ్య బోధించాడు. తరువాతి దశాబ్దాలలో క్రైస్తవ్యం స్వీకరించినవారిలో అత్యధికులు అలాంటి వ్యవసాయ కూలీ కుటుంబాలవారే, ముఖ్యంగా ఊరి బడిగడప తొక్కనివ్వని మాల, మాదిగ కుటుంబాలవారు. బైబిలు చదవడం అంటే వారికి మొదట బైబిలు వినడమే. అక్షరం రాని సంఘంలో అనుదిన ధ్యానం ఎలా సాగింది అనే ప్రశ్నకు జవాబు పేటలో కట్టిన ప్రార్థన మందిరంలో దొరుకుతుంది. పగలు అదే బడి, చీకటి పడ్డాక అదే గుడి, పంతులుగారే ఉపదేశి. పొలం పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాపల మీద కూర్చున్నవారికి పంతులుగారు లాంతరు వెలుగులో కొన్ని వచనాలు చదివి, వాటినే ముక్క ముక్కగా పలికించేవారు. చదువు నేర్చిన పిల్లవాడు ఇంటికి వెళ్లి అమ్మమ్మకు మళ్లీ చదివి వినిపించేవాడు. ఆమె ఒక మాట విని, ఆ మాటనే పట్టుకుని, ఇంట్లో జ్వరంతో ఉన్న బిడ్డ నుంచి కాలువలో రావలసిన నీటి వరకు అన్నిటినీ ప్రభువుకు విన్నవించుకునేది. ఆదివారపు బడిలో నేర్పే కంఠత వాక్యం పిల్లలకు ఒక పాఠమైతే, పెద్దలకు అదే వారమంతా తోడుండే గ్రంథం. ఆ తరాల విశ్వాసులు పుస్తకం లేకుండానే కీర్తనలకు కీర్తనలు అప్పజెప్పగలిగారంటే దానికి కారణం ఈ వినికిడి చదువే. అనుదిన ధ్యానాన్ని ఒంటరి మనిషి మౌనంగా చేసే పనిగా మాత్రమే చూసేవారు డెల్టా చరిత్రలో సగాన్ని వదిలేస్తున్నట్టే.

రాజమహేంద్రవరం వైపు 1840ల మధ్యలో ఉత్తర జర్మనీ మిషనరీలు పని మొదలుపెట్టి, కొన్నేళ్లకే దాన్ని అమెరికన్ లూథరన్లకు అప్పగించారు. లూథర్ ప్రశ్నోత్తరితో పాటు ఉదయ, సాయంకాల కుటుంబ ప్రార్థన ఆ దారినే వచ్చింది. కాకినాడలో 1874 నుంచి కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. వాకిలి దాటని స్త్రీలకు లేఖనాలు చదివి వినిపించడానికి ఈ సంఘాలన్నీ బైబిలు స్త్రీలను నియమించాయి. ఇంటింటికీ నడిచి, ముందు రోజు చెప్పిన వచనాన్ని అడిగి, కొత్తది నేర్పి, ఇంటివారి కోసం ప్రార్థించి వచ్చిన ఆ స్త్రీల సేవకు మన సంఘ చరిత్రలు ఇచ్చిన చోటు చాలా తక్కువ.

వరుస పఠనానికి ఒక పట్టిక కావాలన్న ఆలోచన కూడా అదే శతాబ్దంలో వచ్చింది. స్కాట్లండులోని డండీ నగర కాపరి రాబర్ట్ మెక్‌చేన్ 1842లో తన సంఘం కోసం ఒక పట్టిక తయారుచేశాడు. దాని ప్రకారం చదివితే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. 1879లో ఆనీ మార్‌స్టన్ అనే ఆదివారపు బడి ఉపాధ్యాయురాలి సూచనతో, బైబిలు పఠనాన్ని ప్రోత్సహించే స్క్రిప్చర్ యూనియన్ సంస్థ చిన్న పఠన కార్డులు ముద్రించింది. ఏ రోజు ఏ భాగం చదవాలో ఆ కార్డు చెబుతుంది. చదివేముందు ప్రార్థించడం, చదివాక దేవుని గురించి ఏమి తెలిసిందో, తాను ఏమి చేయాలో ఆలోచించడం అనే పద్ధతి ఆ సంస్థ ద్వారా భారతదేశంలోనూ వ్యాపించింది.

20వ శతాబ్దంలో ఇక్కడివారే ఈ సాధనకు కొత్త లోతు ఇచ్చారు. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో రాజమహేంద్రవరంలో బైబిలు మిషన్ ప్రారంభించారు. దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టుకుని ఉండడాన్ని ఆయన ప్రార్థనలో ప్రధాన భాగం చేశారు. అడగడం కంటే ముందు ఆగడం నేర్పారు. కెనడాలో చదువుతూ క్రైస్తవుడై, 1933లో స్వదేశానికి తిరిగివచ్చిన భక్త్‌సింగ్ గారి పరిచర్య ద్వారా ఆంధ్ర ప్రాంతమంతటా స్థానిక సంఘాలు ఏర్పడ్డాయి. మోకాళ్లపై బైబిలు చదవడం, ఏ నిర్ణయానికైనా ముందు దేవుని నుంచి మాట కోసం ఎదురుచూడడం ఆ సంఘాల ముద్ర. ఏడాదికి ఒక వాగ్దానం, ఒక ప్రయాణానికి ఒక వాగ్దానం అనే భావన తెలుగు విశ్వాసుల మనసులో అంత బలంగా నాటుకోవడానికి ఈ ఉద్యమం ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. వారి ఎదురుచూపు వెనుక గంటల తరబడి సాగిన పఠనం ఉండేది. ఎదురుచూపు మిగిలి పఠనం జారిపోయిన తరువాతే సమస్య మొదలైంది.

జపానులో మిషనరీగా పనిచేసి జబ్బుపడిన భర్తకు సేవలు చేస్తూ శ్రీమతి కౌమన్ కూర్చిన అనుదిన ధ్యానాల సంపుటి 1925లో వెలువడింది. అది "ఎడారిలో సెలయేర్లు" పేరుతో తెలుగు ఇళ్లలోకి వచ్చి బైబిలు పక్కనే చోటు సంపాదించింది. ఇక డిసెంబరు 31 రాత్రి కూడిక విషయానికొస్తే, మొరావియన్లు, మెథడిస్టులు 18వ శతాబ్దంలో జరుపుకున్న మెలకువ ఆరాధనలే దానికి మూలం. డెల్టా మందిరాలలో ఆ రాత్రి పన్నెండు దాటాక పళ్లెంలో బోర్లించిన వాగ్దాన కార్డులను పెడతారు. వరుసలో వచ్చినవారు కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు, ఇంటికి తీసుకెళ్లి గోడకో, బీరువా తలుపుకో అంటిస్తారు. హెర్న్‌హూట్ చీటీకి ఈ పళ్లెం దూరపు చుట్టమే.

ఆ కార్డులలో తరచూ కనిపించే వచనం ఒకటి తీసుకుందాం. "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" అని యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం చెబుతుంది. కార్డు మీద అది ఈ సంవత్సరపు ఉద్యోగానికో, పెళ్లికో హామీగా వినిపిస్తుంది. అధ్యాయం మొత్తం చదివితే అది బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా పంపిన ఉత్తరమని తెలుస్తుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి, 70 సంవత్సరాలు నిండాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని దేవుడు అందులో అంటున్నాడు. ఆ ఉత్తరం విన్నవారిలో చాలామంది తిరిగి రాకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా వాగ్దానం చిన్నదైపోలేదు, పిల్లల తరానికి, వారి పిల్లల తరానికి విస్తరించింది. బతుకుతెరువు కోసం కువైట్‌కో మస్కట్‌కో వెళ్లిన కోనసీమ తల్లికి కార్డు మీది ఒక్క వచనం ధైర్యం చెబుతుందనడంలో సందేహం లేదు. పరాయి ఊళ్లో ఎలా బతకాలో చెప్పే మాటలు మాత్రం ఆ పైనున్న వచనాలలో ఉన్నాయి, వాటిని ఎవరూ కార్డు మీద అచ్చువేయరు.

అందుకే ఫోన్‌ను దోషిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. గల్ఫ్‌లో ఉన్న తల్లి, హైదరాబాదులో చదువుతున్న కొడుకు, ఊళ్లో ఉన్న అమ్మమ్మ రాత్రి ఒక వేళకు వీడియో కాల్‌లో కలిసి ప్రార్థించుకుంటున్న కుటుంబాలు డెల్టాలో ఉన్నాయి, ఫోన్ లేకపోతే వారికి కుటుంబ ప్రార్థనే ఉండేది కాదు. 2008లో వచ్చిన యూవర్షన్ యాప్‌లో తెలుగు బైబిలు ఉంది. మెక్‌చేన్ పట్టిక లాంటి పఠన ప్రణాళికలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. చూపు మందగించినవారు, అక్షరం రానివారు తెలుగు ఆడియో బైబిలులో అధ్యాయానికి అధ్యాయం వినవచ్చు. ఉదయం వచ్చిన వచనం ఏ అధ్యాయంలోదో చూసి, సాయంత్రం ఆ అధ్యాయాన్ని ఇంట్లో ఒకరు పైకి చదివితే, మిగిలినవారు విని ప్రార్థిస్తే, పాత దారులు రెండూ ఒకే రోజులో కలుస్తాయి. దానికి పట్టేది పది, పదిహేను నిమిషాలు. సంఘ కాపరులు ప్రసంగంలో ఫోన్‌ను మందలించే బదులు, ఆదివారం నాడు వచ్చే వారానికి ఏడు అధ్యాయాల పేర్లు చెప్పి, తరువాతి ఆదివారం వాటిలోంచే ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టవచ్చు.