స్పానిష్ భూతకాలం 'ఇంపెర్‌ఫెక్తో': అపోహలు – వాస్తవాలు

అనంతపురానికి స్పానిష్ కొత్త భాష కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి ఆర్డీటీ అనే గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించిన నాటి నుంచి స్పెయిన్ దేశస్థుల రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. ఈ ఊళ్ళో ఆ భాషను బోధిస్తున్న నాకు, గతంలోని అలవాటునూ అప్పుడు జరుగుతున్న పనినీ చెప్పే ఇంపెర్‌ఫెక్తో పాఠం దగ్గర విద్యార్థులు అనవసరంగా బెదరడం ఏటా కనిపిస్తుంది.

అపోహ: లెక్కలేనన్ని రూపాలను కంఠస్థం చేయాలి.

వాస్తవం: రెండు వరుసల ప్రత్యయాలు వస్తే చాలు. 'ఆర్'తో ముగిసే క్రియకు ఆ ముగింపు తీసివేసి ఆబా, ఆబాస్, ఆబా, ఆబామోస్, ఆబాయిస్, ఆబాన్ చేర్చాలి. మాట్లాడటం అనే అర్థమున్న 'అబ్లార్' ఈ విధంగా అబ్లాబా, అబ్లాబాస్ అవుతుంది. 'ఏర్', 'ఈర్' క్రియలు రెండింటికీ ఈయా, ఈయాస్, ఈయా, ఈయామోస్, ఈయాయిస్, ఈయాన్ అనే ఒకే వరుస వర్తిస్తుంది. తినడానికి 'కోమీయా', నివసించడానికి 'బిబీయా' అలా వచ్చినవే.

అపోహ: వర్తమానంలో ధాతువు మారే క్రియలు ఇక్కడా మారతాయి.

వాస్తవం: మారవు. ఆడటం అనే క్రియ వర్తమానంలో 'హుయేగో' అయినా ఇక్కడ 'హుగాబా'యే. నియమం తప్పేవి సేర్ (ఉండటం), ఇర్ (వెళ్ళడం), బేర్ (చూడటం) అనే మూడు క్రియలు, వాటి నుంచి పుట్టినవి మాత్రమే.

అపోహ: ఇది ఇంగ్లీషులోని 'వాజ్ ఈటింగ్' వంటిది.

వాస్తవం: ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవారు అలవాటుకు ఒక రూపం, జరుగుతున్న పనికి మరొక రూపం వెతుకుతారు. స్పానిష్‌లో ఆ రెండింటికీ ఒకే రూపం చాలు. మన సీమ మాటలో 'చిన్నప్పుడు రోజూ ఆడుకుంటాంటిమి' అన్నా, 'మేము ఆడుకుంటాంటిమి, అంతలో వాన వచ్చింది' అన్నా క్రియ ఒక్కటే కదా! ఆ రెండు చోట్లా స్పానిష్‌వారు 'హుగాబామోస్' అంటారు. ఇంటి మాటను చిన్నచూపు చూడకుండా దాని ద్వారా ఆలోచించిన విద్యార్థి ఈ పాఠాన్ని త్వరగా పట్టుకోవడం నేను చూశాను.

అపోహ: చాలాకాలం సాగిన పనికి ఇంపెర్‌ఫెక్తో, క్షణంలో ముగిసినదానికి ప్రెతెరితో అనే మరో భూతకాలం వాడాలి.

వాస్తవం: వ్యవధితో దీనికి సంబంధం లేదు. 'అనంతపురంలో పదేళ్ళు ఉన్నాను' అని ముగిసిన కాలాన్ని లెక్కగట్టి చెబితే, పదేళ్ళయినా సరే, 'బిబీ' అనే ప్రెతెరితో రూపమే రావాలి. 'అప్పట్లో అనంతపురంలో ఉండేవాణ్ణి' అంటూ మొదలు, ముగింపులను పక్కనపెట్టి ఆనాటి స్థితిని వర్ణిస్తే 'బిబీయా' వస్తుంది.

అపోహ: క్రియే కర్తను చెబుతుంది కనుక సర్వనామం ఎప్పుడూ అక్కరలేదు.

వాస్తవం: తెలుగులో 'తినేవాణ్ణి', 'తినేవాడు', 'తినేది' వేర్వేరుగా ఉంటాయి. స్పానిష్‌లో నేను, అతడు, ఆమె, మర్యాదపూర్వకమైన మీరు అనే నలుగురికీ 'కోమీయా' ఒక్కటే. సందర్భాన్ని బట్టి కర్త తెలియని చోట 'యో కోమీయా' అనో 'ఎల్ కోమీయా' అనో స్పష్టంగా చెప్పాలి.