యూనిట్ ఎక్కడ పెట్టాలి, ఇల్లు ఎక్కడ ఉండాలి: అపోహలు, వాస్తవాలు

చిన్న పరిశ్రమలకి ప్రాజెక్ట్ రిపోర్టులు రాయడం, స్థలం చూసుకోవడంలో సాయం చేయడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఒక ఊరు ఫిక్స్ అయిపోయి వస్తారు, ఆ ఊరే ఎందుకండీ అంటే దాదాపు అందరూ అవే కారణాలు చెప్తారు. బిజినెస్ లెక్క వేరు, బతుకు లెక్క వేరు అని విడగొట్టి చూడటంతోనే నష్టం మొదలవుతుందని నా గట్టి నమ్మకం. మనుషులు నిలవని చోట యూనిట్ కూడా నిలవదు. నేను తరచూ వినే మాటలు ఒక్కొక్కటిగా తీసుకుని రాస్తున్నా.

అపోహ: ఎకరం చవగ్గా దొరికితే సగం పని అయిపోయినట్టే

భూమికి ఒక్కసారే డబ్బు కడతారు, కరెంటుకి, నీళ్లకి, లారీకి, జీతాలకి మాత్రం నెలనెలా కడుతూనే ఉండాలి. ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ సంగతి చెప్తా, హైవే నుంచి బాగా లోపలికి, రేటు తక్కువ, షెడ్డు కూడా బ్రహ్మాండంగా కట్టుకున్నారు, కానీ లైన్ వచ్చేది పల్లెటూళ్లకి వెళ్లే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్) మీద నుంచి. కాస్త గట్టిగా గాలొస్తే చాలు ట్రిప్, కరెంటు పోతుంది. మౌల్డింగ్ మెషిన్ నడుస్తుండగా కరెంటు పోతే బ్యారెల్‌లో కరిగి ఉన్న ప్లాస్టిక్ అక్కడే బిగుసుకుపోతుంది, మళ్లీ కరెంటొచ్చాక హీటర్లు వేడెక్కే దాకా ఆగాలి, పాత మెటీరియల్ అంతా బయటికి తోసేయాలి, మొదట వచ్చే పీసులు ఎలాగూ రిజెక్టే, అంటే అరగంట కరెంటు పోతే షిఫ్టులో పెద్ద ముక్కే పోయినట్టు. జనరేటర్ ఉందిగా అంటారు, లీటర్ డీజిల్‌కి మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు వస్తాయి, ఇవాళ్టి డీజిల్ రేటుతో లెక్కేస్తే డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) రేటుకి మూడు నాలుగు రెట్లు పడుతుంది. ఎకరం మీద మిగిల్చుకున్నది ఎన్నాళ్లు ఉంటుంది చెప్పండి.

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ ఊరికి కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌కి ఒకసారి వెళ్లండి. అక్కడ లాగ్ బుక్ ఉంటుంది, ఏ ఫీడర్ ఎప్పుడు ట్రిప్ అయింది, లైన్ పని కోసం ఎల్‌సీ (సరఫరా ఆపి ఇచ్చే లైన్ క్లియర్) ఎప్పుడు తీసుకున్నారు అన్నీ రాస్తారు. మొన్నటి ఏప్రిల్, మే నెలల్లో మన ఫీడర్ ఎట్లా ఉందో మర్యాదగా అడిగితే ఆపరేటరే చెప్తాడు. ఇండస్ట్రియల్ ఫీడర్ ఎంత దూరంలో ఉంది, అక్కడి నుంచి లైన్ లాగడానికి ఎస్టిమేట్ ఎంత అవుతుంది అన్నది కూడా అప్పుడే కనుక్కోండి, ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. నీళ్లదీ ఇదే తంతు. ప్రకాశం, నల్గొండ వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఎక్కువున్న బోరు నీళ్లతో బాయిలర్ నడిపితే ట్యూబుల్లో పొర కడుతుంది, ఫుడ్ యూనిట్ అయితే ఆర్వో పెట్టాలి, ఆర్వో నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు ఎక్కడ వదలాలో పొల్యూషన్ బోర్డుకి చెప్పాలి. బోరు వేసి నీళ్లు టెస్ట్ చేయించకుండా రిజిస్ట్రేషన్‌కి వెళ్లొద్దు.

అపోహ: ఎదగాలంటే హైదరాబాదే

కొన్ని రంగాలకి ఇది నిజమే, దాచాల్సిన పని లేదు. ఫార్మా రీసెర్చ్ అయితే హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల దొరికే మనుషులు ఇంకోచోట అంత సులువుగా దొరకరు. కానీ మిర్చి పొడి కొట్టే వాడికి హైదరాబాద్‌లో ఏం పని, యార్డూ కోల్డ్ స్టోరేజీలూ అన్నీ గుంటూరు చుట్టూ ఉంటే. పామాయిల్ గెలలు కోశాక 24 గంటల్లోపు మిల్లుకి చేరాలి, లేకపోతే నూనెలో యాసిడ్ పెరిగి క్వాలిటీ పడిపోతుంది, అందుకే మిల్లులు అశ్వారావుపేట, పెదవేగి లాంటి చోట్ల తోటల మధ్యే ఉన్నాయి. తయారీలో బరువు తగ్గే సరుకు, త్వరగా పాడయ్యే సరుకు అయితే పంట దగ్గరికి వెళ్లండి, ఇటుకలు, వాటర్ బాటిళ్ల లాంటివైతే కొనేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఇంకో సంగతి, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది కదా, అంతకు ముందు రాష్ట్రం దాటి అమ్మితే సీఎస్టీ (కేంద్ర అమ్మకపు పన్ను) పడేది, అది తప్పించుకోవడానికే కంపెనీలు రాష్ట్రానికో డిపో పెట్టుకునేవి. ఇప్పుడు ఆ అవసరం లేదు, రోడ్లు కలిసే చోట ఒక్క గోడౌన్ ఉన్నా నడుస్తుంది. విజయవాడ చూడండి, చెన్నై-కోల్‌కతా ఎన్‌హెచ్ 16, పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే ఎన్‌హెచ్ 65 రెండూ అక్కడ కలుస్తాయి, రైల్వే జంక్షన్ సరేసరి. బస్ బాడీ పనికి ఆటోనగర్‌లో తరాల నుంచి చేయి తిరిగిన మేస్త్రీలు ఉన్నారు, దగ్గర్లో హనుమాన్ జంక్షన్ వైపు మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటే పెట్టింది. హైదరాబాద్‌లో ఆ మనుషుల్ని వెతుక్కోవాలి.

పైగా హైదరాబాద్ చుట్టూ ఉన్న ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల కాలుష్యం ఉన్న యూనిట్లని బయటికి పంపాలన్నది ఎప్పటి నుంచో నడుస్తున్న విధానం. మీ యూనిట్ రెడ్ లేదా ఆరెంజ్ కేటగిరీ (కాలుష్యాన్ని బట్టి పొల్యూషన్ బోర్డు పెట్టే వర్గాలు, రెడ్ అన్నిటికంటే ఎక్కువ) అయితే బాలానగర్, జీడిమెట్ల వైపు లీజుకి వస్తుందని సంబరపడకండి, ఎక్స్‌పాన్షన్‌కి బోర్డుని కన్సెంట్ (అనుమతి) అడిగిన రోజు ఇబ్బంది వస్తుంది.

అపోహ: క్వాలిటీ ఆఫ్ లైఫ్ అనేది ఓనర్ ఫ్యామిలీ మ్యాటర్

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఓనర్ కారులో వస్తాడు పోతాడు, పిల్లలు సిటీలో చదువుతారు, ఆయనకి ఏ ఊరైనా ఒకటే. యూనిట్ నడిపేది మాత్రం ప్రొడక్షన్ సూపర్‌వైజర్, మెయింటెనెన్స్ ఫిట్టర్, క్వాలిటీ చూసే అమ్మాయి, ఇలా అయిదారుగురు, వాళ్లలో ఇద్దరు మానేస్తే మెషిన్లు ఎంత కొత్తవైనా అవుట్‌పుట్ పడిపోతుంది. జీతం పెంచినా వాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారో ఎవరూ అడగరు. నేను అడుగుతా, ఇంట్లోవాళ్లనీ అడుగుతా. ఒక ఫిట్టర్ భార్య చెప్పిన మాట ఇది: "జీతం బాగానే ఉంది సార్, పాప ఆరో తరగతికి వచ్చింది, స్కూల్ బస్సు మా ఊరి దాకా రాదు, మెయిన్ రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు, పొద్దున చీకట్లో ఆడపిల్లని ఎట్లా పంపను." ఆ జూన్‌లోనే వాళ్లు టౌన్‌కి మారిపోయారు, ఆయన ఇంకో కంపెనీలో చేరాడు. స్కూల్ టైముకి ఒక వ్యాన్ మాట్లాడి పెట్టుంటే సరిపోయేది.

ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా చూడండి. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ల దగ్గర 0.75 శాతం కోస్తాం, యజమాని 3.25 శాతం కడతాడు, అందరూ కడుతూనే ఉంటారు. తీరా జ్వరమొస్తే డిస్పెన్సరీ పక్క టౌన్‌లో, పెద్ద జబ్బు చేస్తే హాస్పిటల్ ఇంకో జిల్లాలో. వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోతుంది కాబట్టి ఊళ్లో ప్రైవేట్ డాక్టర్‌కి చేతి డబ్బు పెడతారు. స్థలం చూసేటప్పుడు దగ్గర్లో ఈఎస్ఐ డిస్పెన్సరీ ఎక్కడుంది, అర్ధరాత్రి చేయి మెషిన్‌లో పడితే సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపట్లో వెళ్తాం, ఈ రెండూ కనుక్కోకుండా మెషిన్లకి ఆర్డర్ పెట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

అపోహ: సబ్సిడీ ఎక్కువ ఇచ్చే చోటికి పోవాలి

సబ్సిడీ అప్లికేషన్ ప్రొడక్షన్ మొదలయ్యాకే పెడతాం. శాంక్షన్ లెటర్ వేరు, డబ్బు అకౌంట్‌లో పడటం వేరు, ఆంధ్రా, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన సంగతి పరిశ్రమ నడిపే అందరికీ తెలుసు. నేను రిపోర్ట్ రాసేటప్పుడు సబ్సిడీ సున్నా అనుకుని క్యాష్ ఫ్లో వేస్తా, అప్పుడు కూడా బ్యాంకు కిస్తీ కట్టగలిగితేనే ముందుకు వెళ్లమంటా.

అపోహ: చిన్న ఊరైతే ప్రశాంతంగా ఉంటుంది

ఊరు ప్రశాంతంగానే ఉండొచ్చు, లోపల పనిచేసేవాళ్ల సంగతి చూడాలి కదా. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబడి చూడండి, అది ఎండలకి పేరున్న రామగుండం అయినా రెంటచింతల అయినా. రూఫ్ ఇన్సులేషన్, టర్బో వెంటిలేటర్ల ఖర్చు మొదటి రోజే ప్రాజెక్ట్ కాస్ట్‌లో వేయాలి.

అపోహ: ఫ్యాక్టరీ, ఆఫీసు, ఇల్లు అన్నీ ఒక్కచోటే ఉండాలి

తిరుపతి జిల్లాలోని పారిశ్రామికవాడ శ్రీసిటీ చెన్నైకి 55 కిలోమీటర్లు. చాలామంది మేనేజర్లు చెన్నైలో ఉండి రోజూ వచ్చి పోతారు, ఆపరేటర్లు తడ, సూళ్లూరుపేట, సత్యవేడు వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. స్కూలూ హాస్పిటలూ మహానగరంవి, పన్నులూ అనుమతులూ ఆంధ్రావి, పోర్టులు చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం మూడూ అందుబాటులో. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైనప్పుడు కూడా బెంగళూరు దగ్గరగా ఉండటం పెద్ద కారణమే. చిన్న యూనిట్లకీ ఇది వర్తిస్తుంది, హిందూపురంలో షెడ్డు పెట్టుకుని అకౌంట్స్, సేల్స్ బెంగళూరులో పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. తమిళనాడులోని హోసూరు అయితే ఇంకా తేలిక, బెంగళూరు 40 కిలోమీటర్లు, ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంతమంది, మనవాళ్లకి కొత్తగా అనిపించదు. ఒక్కటే హద్దు పెట్టుకోండి, వన్ సైడ్ గంటంబావు దాటితే మంచి మేనేజర్ ఎక్కువ కాలం ఉండడు, ఇది నేను చూసిన దాన్ని బట్టి చెప్పే మాట. ఆ ప్రయాణం ఆదివారం కారులో చూడొద్దు, సోమవారం పొద్దున షిఫ్ట్ టైముకి బస్సులో చేసి చూడండి.

అపోహ: సొంతూళ్లో పెడితే అన్నీ మనవే

సొంతూరి మీద ప్రేమతో వచ్చేవాళ్లంటే నాకు చాలా గౌరవం, అమెరికా నుంచి తిరిగొచ్చి ఊళ్లో నలుగురికి పని ఇవ్వాలని అడిగేవాళ్లు ఏటా వస్తుంటారు. కుదిరితే తప్పకుండా పెట్టండి. కానీ భూమి నాన్నగారి పేరు మీద ఉంటుంది, బాబాయితో పంపకాలు నోటి మాటగా జరిగి ఉంటాయి, కంపెనీ మీ పేరు మీద ఉంటుంది, బ్యాంకువాళ్లు అడిగేది మాత్రం రికార్డు. లోన్ కాలం కంటే ఎక్కువ ఏళ్లకి కంపెనీ పేరు మీద రిజిస్టర్డ్ లీజ్ కావాలి, లేదా భూమి యజమాని గ్యారంటీ ఇవ్వాలి. పంపకాల డీడ్ రిజిస్టర్ చేయించి, పాస్‌బుక్ మార్పించి, సర్వే చేయించి హద్దు రాళ్లు పాతించుకోండి, ఇదంతా అయ్యాకే షెడ్డు కాంట్రాక్టర్‌ని పిలవండి, బాబాయితో మాట కూడా చెడకుండా ఉంటుంది.